మానవ కొవ్వు కణజాలంలో పురుగుమందుల అవశేషాలు: కొలిచే ప్రయోగశాల పద్ధతులు

డీడీటీ, బీహెచ్‌సీ వంటి ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు నీటిలో దాదాపు కరగవు, కొవ్వులో సులువుగా కరుగుతాయి. తిండితోనో గాలితోనో చర్మం గుండానో ఒంట్లోకి చేరిన ఈ పదార్థాలను కాలేయం త్వరగా విరగ్గొట్టలేదు, మూత్రపిండాలు బయటికి పంపలేవు. అందుకే అవి చర్మం కింద, పొట్ట లోపల ఉండే కొవ్వు కణజాలంలో చేరి ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. ఆ కొవ్వును కొద్దిగా తీసి, అందులో ఏ మందు ఎంత ఉందో తేల్చే విశ్లేషణకు 1940ల నుంచి పద్ధతులు రూపుదిద్దుకుంటూ వచ్చాయి. నమూనా తీయడం, కొవ్వును కరిగించి లాగడం, ఆ కొవ్వు నుంచి మందును వేరుచేయడం, పరికరంలో గుర్తించి కొలవడం, వచ్చిన అంకెను సరిచూడడం ఇందులోని దశలు. వీటిలో కష్టమంతా మూడో దశలో ఉంది. కొలవాల్సిన పదార్థం, అడ్డుపడే పదార్థం రెండూ ఒకే ద్రావణిలో కరుగుతాయి. పైగా అడ్డుపడేది కొలవాల్సిన దానికంటే లక్షల రెట్లు ఎక్కువ ఉంటుంది.

ఉత్తర తెలంగాణ నేపథ్యం

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు (2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో ఇవి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వంటి కొత్త జిల్లాలుగా విడిపోయాయి) ఈ విశ్లేషణకు సంబంధించిన దాదాపు అన్ని రకాల మందులనూ చూసిన ప్రాంతం. మందులు ఇక్కడి జనం ఒంట్లోకి మూడు దారుల్లో చేరాయి.

మొదటిది మలేరియా. దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఇళ్ల లోపలి గోడలపై డీడీటీ చల్లడం దాని ప్రధానాయుధం. ఆదిలాబాద్‌లోని ఉట్నూరు చుట్టూ ఉన్న ఏజెన్సీ (గిరిజన) గ్రామాలు మలేరియా పీడిత ప్రాంతాలు. మట్టి గోడలున్న గోండు, కొలాం ఇళ్లలో గోడపై చల్లినది నేలపైన, గింజలపైన, పడుకునే చోట కూడా పడుతుంది. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని 1989లో ఆపేసినా, ప్రజారోగ్యం కోసం వాడకం ఆ తర్వాత కూడా కొనసాగింది.

రెండోది వరి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్ పొలాలకు అందాక వరి విస్తరించింది. దోమపోటుకూ ఇతర పురుగులకూ బీహెచ్‌సీ పొడి చల్లేవారు. గ్రామాల్లో గమాక్సిన్ అని పిలిచే ఈ పొడిని ధాన్యం నిల్వల దగ్గర, చీమల పుట్టల దగ్గర కూడా వాడేవారు. పొలంలో పడిన మందు వరిగడ్డితో బర్రె కడుపులోకి, అక్కడి నుంచి పాల కొవ్వులోకి, నెయ్యిలోకి చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 1993లో వెలువరించిన బహుకేంద్ర అధ్యయనంలో 12 రాష్ట్రాల నుంచి తీసిన 2,205 పాల నమూనాలలో 82 శాతంలో డీడీటీ అవశేషాలు కనిపించాయి. సాంకేతిక శ్రేణి బీహెచ్‌సీని దేశంలో 1997లో నిషేధించారు. దాని శుద్ధ రూపమైన లిండేన్ వాడకం 2013 నాటికి ముగిసింది.

మూడోది పత్తి. ఆదిలాబాద్ నల్లరేగళ్లలోను, జమ్మికుంట మార్కెట్‌కు సరుకు పంపే కరీంనగర్ గ్రామాల్లోను పత్తి చేనుకు పడినంత మందు మరే పంటకూ పడలేదు. శనగపచ్చ పురుగుకు ఎండోసల్ఫాన్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్. రసం పీల్చే పురుగులకు మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్. తర్వాత సింథటిక్ పైరిథ్రాయిడ్లు. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలిచే పురుగు మందులు తగ్గాయి గాని రసం పీల్చే పురుగుల మందులు తగ్గలేదు. 2011 మే 13న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, అమ్మకం, వాడకం ఆగిపోయాయి.

ఈ మూడు దారుల్లో వచ్చిన మందులన్నీ కొవ్వులో ఒకేలా మిగలవు. ప్రయోగశాల పని మొదలుకాక ముందే తేలాల్సిన విషయం ఇది.

కొవ్వులో నిలిచేవి, నిలవనివి

ఒక మందు కొవ్వు వైపు ఎంత మొగ్గుతుందో ఆక్టనాల్–నీటి పంపిణీ గుణకం చెబుతుంది. దీనిని పదుల ఘాతంలో చెప్పడం వాడుక. డీడీటీ, దాని నుంచి పుట్టే డీడీఈ విషయంలో ఈ విలువ 6కు పైనే. అంటే నీటిలో ఒక పాలు ఉంటే కొవ్వు వంటి ద్రావణిలో పది లక్షల పాళ్లకు పైగా ఉంటుంది. బీహెచ్‌సీ రూపాలకు, ఎండోసల్ఫాన్‌కు సుమారు 4. మోనోక్రోటోఫాస్‌కు సున్నా కంటే తక్కువ. అది నీటి వైపే ఉంటుంది.

కొవ్వులో కరగడం ఒక్కటే చాలదు, ఒంట్లో విరగకుండా నిలవాలి కూడా. సింథటిక్ పైరిథ్రాయిడ్లకు కొవ్వు మీద మొగ్గు డీడీటీకి దగ్గరగానే ఉంటుంది, కానీ ఒంట్లోని ఎస్టరేజ్ ఎంజైములు వాటిని త్వరగా ముక్కలు చేస్తాయి. క్లోర్‌పైరిఫాస్ కొవ్వులో కొంత చేరినా కొన్ని రోజుల్లో విరిగి మూత్రంలో పోతుంది. ఎండోసల్ఫాన్ కొన్ని రోజుల నుంచి వారాల్లోపే తగ్గుతుంది. దాని సల్ఫేట్ రూపం మరికొంత కాలం ఉంటుంది. డీడీఈ సగానికి తగ్గడానికి ఏడెనిమిదేళ్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. బీటా బీహెచ్‌సీదీ దాదాపు ఇదే దారి.

బీహెచ్‌సీ విషయంలో మరో మెలిక ఉంది. పొలానికి వచ్చిన పొడిలో ఆల్ఫా రూపం 60–70 శాతం, గామా 10–15 శాతం, బీటా 5–12 శాతం ఉంటాయి. మనిషి కొవ్వులో ఈ వరస తలకిందులవుతుంది. ఆల్ఫా, గామా రూపాలు విరిగిపోతాయి. సంచిలో అన్నిటికంటే తక్కువగా ఉన్న వాటిలో ఒకటైన బీటా చివరికి ఎక్కువై కూర్చుంటుంది. అందువల్ల ఈ విశ్లేషణలో రూపాలను విడివిడిగా కొలవాలి. ‘మొత్తం బీహెచ్‌సీ’ అని ఒకే అంకె ఇచ్చే నివేదిక సగం సమాచారాన్ని పారేసినట్టే.

తొలి కొలతలు

డీడీటీని 1874లోనే తయారుచేసినా, పురుగులను చంపే దాని గుణాన్ని 1939లో పాల్ ముల్లర్ గుర్తించాడు. 1948లో ఆయనకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. దానిని కొలిచే తొలి ప్రామాణిక పద్ధతి 1945 నాటి షెక్టర్–హాలర్ రంగు పద్ధతి. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో డీడీటీకి నైట్రో గుంపులు చేర్చి, బెంజీన్‌లో కరిగించి సోడియం మిథలేట్ కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు గాఢతను బట్టి మోతాదు తెలుస్తుంది. 1951లో అమెరికా ఆహార, ఔషధ సంస్థకు చెందిన ఎడ్విన్ లాగ్ బృందం సాధారణ ప్రజల కొవ్వులో, తల్లిపాలలో డీడీటీ ఉందని చూపించింది. మందు కొట్టే వృత్తిలో లేని మనుషుల ఒంట్లోనూ అది చేరిందని తెలిసింది అప్పుడే. ఈ పద్ధతికి మైక్రోగ్రాముల కొద్దీ మందు కావాలి. కాబట్టి కొవ్వు కూడా గ్రాముల కొద్దీ కావాలి. పైగా డీడీటీ జాతి తప్ప మరొకటి అందులో పట్టుబడదు.

1952లో జేమ్స్, మార్టిన్ గ్యాస్ క్రొమటోగ్రఫీని ప్రకటించారు. 1957లో జేమ్స్ లవ్‌లాక్ ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌ను కనుగొన్నాడు. ఈ రెండూ కలిసిన తర్వాతే కొవ్వు విశ్లేషణ నేటి రూపానికి వచ్చింది. ఆ జోడీ అందుబాటులోకి వచ్చిన తొలి ఏళ్లలోనే భారతీయుల కొవ్వును పరీక్షించారు. డేల్, కోప్లాండ్, హేస్ రాసిన ఆ పత్రం 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ఢిల్లీ వాసుల కొవ్వులో డీడీటీ అప్పటికి చాలా దేశాల్లో నమోదైన స్థాయిలను మించి ఉందని అది తేల్చింది. అమెరికాలో 1967లో మొదలైన జాతీయ మానవ పర్యవేక్షణ కార్యక్రమం శస్త్రచికిత్సల్లోనూ శవపరీక్షల్లోనూ తీసిన కొవ్వును రెండు దశాబ్దాలకు పైగా పరీక్షిస్తూ వచ్చింది.

నమూనా తీయడం, దాచడం

కొవ్వు మూడు చోట్ల దొరుకుతుంది. అపెండిక్స్, హెర్నియా, సిజేరియన్ వంటి ఆపరేషన్లలో పొట్ట కోసినప్పుడు రోగి ముందస్తు అనుమతితో కొద్దిగా తీయవచ్చు. శవపరీక్షలో తీయవచ్చు. బతికున్న, జబ్బులేని మనిషి నుంచైతే పిరుదు భాగంలో మత్తు సూది వేసి లావు సూదితో కొన్ని పదుల మిల్లీగ్రాములు లాగవచ్చు. రంగు పద్ధతి కాలంలో ఇంత తక్కువతో పని జరిగేది కాదు. నేటి పరికరాలకు 50 నుంచి 500 మిల్లీగ్రాములు చాలు.

శవపరీక్ష నమూనా విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మందు తాగి చనిపోయిన కేసుల్లో జీర్ణకోశం, కాలేయం, మూత్రపిండం ముక్కలను సంతృప్త ఉప్పు ద్రావణంలో వేసి పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపడం మన దగ్గరి రివాజు. ఆ పరీక్ష అడిగే ప్రశ్న చావుకు కారణం ఏమిటని. అవశేషాల పరీక్ష అడిగేది బతికినన్నాళ్లూ ఒంట్లోకి ఏమేం చేరిందని. ఒకదాని కోసం తీసిన నమూనా రెండోదానికి సరిపోదు. అవశేషాల కోసం తీసే కొవ్వును ఫార్మలిన్‌లో వేయకూడదు. దానికి ఏ నిల్వ మందూ కలపకుండా గడ్డకట్టించాలి.

సీసా సంగతి చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చాలా నమూనాలు చెడేది అక్కడే. ప్లాస్టిక్ డబ్బాల నుంచి వచ్చే థాలేట్లు కొవ్వులోకి దిగి, పరికరంలో మందుల సంకేతాల పక్కనే కనిపిస్తాయి. ఎసిటోన్, హెక్సేన్‌తో కడిగి కొలిమిలో వేడిచేసిన గాజు సీసా, అల్యూమినియం రేకు లేదా టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి. కొవ్వును సెలైన్‌తో కడిగి నెత్తురు పోగొట్టి, సీసాలో వేసి, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ దగ్గర దాచాలి. ఆదిలాబాద్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు దగ్గరపడుతుంది. అక్కడి ఆపరేషన్ థియేటర్‌లో తీసిన కొవ్వు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ప్రయోగశాలకు చేరేదాకా గడ్డగానే ఉండాలంటే పొడి మంచు పెట్టె తప్పనిసరి. కరిగి మళ్లీ గడ్డకట్టిన ముక్కలో కొవ్వు, నీరు విడిపోతాయి. ముక్కలోని ఏ భాగం తూచామన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. సీసాతో పాటు వయసు, బరువు, ఎత్తు, వృత్తి, ఆడవాళ్లయితే ఎంతమంది పిల్లలకు పాలిచ్చారన్న వివరాలున్న పత్రం రావాలి. అవి లేకపోతే అంకెకు అర్థం చెప్పడం కుదరదు.

కొవ్వును లాగడం, తూచడం

తూచిన కణజాలాన్ని తేమలేని సోడియం సల్ఫేట్‌తో కలిపి రోట్లో నూరుతారు. ఉప్పు తేమను పీల్చుకోగా మిగిలిన పొడిని సాక్స్‌లెట్ పరికరంలో పెట్టి హెక్సేన్ లేదా పెట్రోలియం ఈథర్‌తో గంటల తరబడి తిప్పుతారు. ద్రావణి ఆవిరై, చల్లబడి, పొడి మీద కారి, కొవ్వునూ అందులోని మందునూ కడిగి కిందికి తెస్తూ ఉంటుంది. క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమంతో లాగే ఫోల్చ్ (1957), బ్లై–డయర్ (1959) పద్ధతులు కూడా వాడుకలో ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడి, వేడి కింద కొద్దిపాటి ద్రావణితో నిమిషాల్లో ముగించే యంత్రాలు 1990ల నుంచి వచ్చాయి.

ఇలా వచ్చిన ద్రావణంలో కొంత భాగాన్ని ఆరబెట్టి, బరువు మారనంత వరకు తూచి అందులో కొవ్వు ఎంతో తేల్చాలి. అవశేషాన్ని కణజాలం బరువుకు కాక కొవ్వు బరువుకు లెక్కగట్టడమే సరైన పద్ధతి. ఒక లెక్క తీసుకుంటే తేడా తెలుస్తుంది. అర గ్రాము కణజాలంలో 0.4 గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. చివరి ద్రావణం 1 మిల్లీలీటరు, అందులో డీడీఈ 800 నానోగ్రాములు. కొవ్వు బరువు మీద ఇది గ్రాముకు 2,000 నానోగ్రాములు, అంటే కిలోకు 2 మిల్లీగ్రాములు. కణజాలం బరువు మీదైతే 1.6 మాత్రమే. బక్కపలచని మనిషి కణజాలంలో కొవ్వు శాతం ఇంకా తక్కువ ఉంటే ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. ఏ బరువు మీద లెక్కించారో చెప్పని అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

శుద్ధి

వచ్చిన కొవ్వును అలాగే పరికరంలోకి ఎక్కిస్తే కాలమ్ పాడవుతుంది, డిటెక్టర్ మురికి పడుతుంది. అందుకే మందును నిలబెట్టి కొవ్వును తొలగించాలి. ఇందుకు ఐదు దారులున్నాయి. దేన్ని ఎంచుకున్నారన్నదే చివరికి ఏ మందులు కనిపిస్తాయో, ఏవి మాయమవుతాయో నిర్ణయిస్తుంది.

పాత దారి ద్రావణుల మధ్య పంచడం. కొవ్వును హెక్సేన్‌లో కరిగించి ఎసిటోనైట్రైల్‌తో కుదిపితే కొవ్వు చాలావరకు హెక్సేన్‌లో ఉండిపోతుంది, మందు ఎసిటోనైట్రైల్‌లోకి వస్తుంది. ఆ తర్వాత ఫ్లోరిసిల్ అనే మెగ్నీషియం సిలికేట్ గుండ నింపిన గాజు కాలమ్ గుండా పంపుతారు. పెట్రోలియం ఈథర్‌లో ఇథైల్ ఈథర్‌ను 6 శాతం కలిపి పోస్తే డీడీటీ జాతి, బీహెచ్‌సీ రూపాలు దిగుతాయి. 15 శాతానికి డయల్డ్రిన్, ఎండ్రిన్ అనే మరో రెండు ఆర్గానోక్లోరిన్ మందులు, ఎండోసల్ఫాన్‌లో కొంత. 50 శాతానికి ఎండోసల్ఫాన్ మిగతా భాగం, దాని సల్ఫేట్. మిల్స్ బృందం 1963 నాటికి స్థిరపరచిన ఈ క్రమం దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రమాణంగా నిలిచింది. మొదటి భాగం పట్టుకుని మిగతావి పారబోసే ప్రయోగశాలకు ఎండోసల్ఫాన్ ఎప్పటికీ కనిపించదు.

రెండోది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. హెక్సేన్ ద్రావణాన్ని ఆమ్లంతో కుదిపితే కొవ్వు మాడి అడుగు పొరలోకి పోతుంది, పైన తేటగా మిగులుతుంది. చవక, వేగం, చిన్న ప్రయోగశాలకైనా సాధ్యం. డీడీటీ, డీడీఈ, బీహెచ్‌సీ ఈ ఆమ్లాన్ని తట్టుకుంటాయి. డయల్డ్రిన్, ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ తట్టుకోలేవు. కొవ్వుతో పాటే నాశనమవుతాయి. పత్తి ప్రాంతం నుంచి వచ్చిన కొవ్వును ఈ పద్ధతిలో శుద్ధి చేసి ‘ఎండోసల్ఫాన్ లేదు’ అని రాయడం విశ్లేషణ తప్పు. ఆ మందును ఆ నమూనాలో చంపింది ప్రయోగశాలే.

మూడోది కొవ్వును సబ్బుగా మార్చే క్షార పద్ధతి. ఇదీ చూపుకు సులువైనదే. కానీ క్షారంలో డీడీటీ కాస్తా డీడీఈ అయిపోతుంది, బీహెచ్‌సీ ట్రైక్లోరోబెంజీన్‌గా విరిగిపోతుంది. డీడీటీకీ డీడీఈకీ ఉన్న నిష్పత్తి కావలసిన చోట దీనిని వాడకూడదు. అయితే ఇదే గుణాన్ని నిర్ధారణకు వాడుకోవచ్చు: డీడీటీ అనుకున్న సంకేతం క్షారం తర్వాత మాయమై డీడీఈ దగ్గర పెరిగితే అది డీడీటీయే.

నాలుగోది, ఏ మందునూ రసాయనికంగా తాకనిది, జెల్ పర్మియేషన్ క్రొమటోగ్రఫీ. ఇది అణువుల పరిమాణాన్ని బట్టి విడదీస్తుంది. సన్నని రంధ్రాలున్న పాలిమర్ పూసల కాలమ్‌లో, 800–900 అణుభారం ఉన్న ట్రైగ్లిజరైడ్లు రంధ్రాల్లో పట్టక ముందే బయటికి వస్తాయి. 300–400 అణుభారం ఉన్న మందులు రంధ్రాల్లో తిరిగి ఆలస్యంగా వస్తాయి. ముందు వచ్చిన కొవ్వును పారబోసి తర్వాతి భాగం పట్టుకుంటారు. ఎండోసల్ఫాన్, డయల్డ్రిన్ సహా అన్నిటినీ చూడాలనుకుంటే ఈ దారే మేలు. ద్రావణి ఎక్కువ ఖర్చవడం, చివర్లో కొద్దిపాటి కొవ్వు మిగిలి మరోసారి ఫ్లోరిసిల్ లేదా సిలికా గుండా పంపాల్సి రావడం దీని ఇబ్బందులు.

ఐదోదైన క్వెచర్స్ పద్ధతి 2003లో వచ్చి కూరగాయల విశ్లేషణను మార్చేసింది. ఎసిటోనైట్రైల్‌తో కుదిపి, ఉప్పులు వేసి, శోషక పొడులతో శుద్ధి చేసే ఈ విధానానికి కొవ్వు దగ్గర హద్దు ఉంది. కొవ్వును గట్టిగా పట్టుకునే డీడీఈ వంటివి ఎసిటోనైట్రైల్‌లోకి పూర్తిగా రావు. గడ్డకట్టించి కొవ్వును వడగట్టడం, కొవ్వును పట్టే ప్రత్యేక శోషకాలు వాడడం వంటి మార్పులతో మాత్రమే మనిషి కొవ్వుకు దీనిని అన్వయించవచ్చు.

వేరుచేసి గుర్తించడం

శుద్ధి అయిన ద్రావణాన్ని మిల్లీలీటరుకు కుదించి, అందులో ఒక మైక్రోలీటరును గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తారు. 30 మీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న కేశనాళిక కాలమ్‌లో హీలియం లేదా నైట్రోజన్ వాయువు వెంట మందులు ఒకదాని తర్వాత ఒకటి ప్రయాణించి వేర్వేరు నిమిషాల్లో బయటపడతాయి.

ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌లో నికెల్-63 అనే రేడియోధార్మిక రేకు ఉంటుంది. అది వెదజల్లే కణాల వల్ల నిలకడైన విద్యుత్ ప్రవాహం ఏర్పడుతుంది. క్లోరిన్ ఉన్న అణువు వచ్చినప్పుడు ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, ప్రవాహం తగ్గుతుంది. ఆ తగ్గుదలే సంకేతం. కొవ్వులోని హైడ్రోకార్బన్లు దీనికి దాదాపు కనిపించవు, క్లోరిన్ మందులు పికోగ్రాముల్లో ఉన్నా కనిపిస్తాయి. దీని బలహీనత, వచ్చింది ఫలానా పదార్థమని ఇది చెప్పలేకపోవడం. ఫలానా నిమిషంలో క్లోరిన్ లాంటిదేదో వచ్చిందని మాత్రమే చెబుతుంది. 1966లో స్వీడన్‌కు చెందిన సోరెన్ జెన్సన్, డీడీటీ విశ్లేషణల్లో పదేపదే కనిపిస్తున్న తెలియని సంకేతాలు పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలవని గుర్తించాడు. అంతకుముందు నాటి అంకెల్లో వాటి వాటా కూడా కలిసి ఉండవచ్చు. అందుకే ఈ డిటెక్టర్‌తో పనిచేసేవారు భిన్న స్వభావం ఉన్న రెండో కాలమ్‌పై కూడా నడిపి, రెండింటా సరిపోలితేనే పేరు పెడతారు.

మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ సందేహాన్ని తీరుస్తుంది. బయటికి వచ్చిన అణువును ఎలక్ట్రాన్లతో ఢీకొట్టి ముక్కలు చేసి, ముక్కల భారాన్ని తూస్తుంది. డీడీఈ అయితే 246, 318 దగ్గర. డీడీటీ అయితే 235, 237 దగ్గర. బీహెచ్‌సీ అయితే 181, 219 దగ్గర గుర్తులు వస్తాయి. క్లోరిన్‌కు రెండు సహజ ఐసోటోపులు ఉండడం వల్ల ఈ గుర్తులు తమదైన నిష్పత్తిలోనే రావాలి. నిష్పత్తి తప్పితే వేరేదో కలిసిందని అర్థం. ఒక ముక్కను ఎంచి మళ్లీ విరగ్గొట్టే టాండెమ్ పరికరాలు శుద్ధి సరిగా కాని నమూనాలోనూ నమ్మదగిన సంకేతం ఇస్తాయి. కార్బన్-13తో తయారుచేసిన అదే మందును కొవ్వు నూరే ముందే తెలిసిన మోతాదులో కలిపితే, దారిలో ఎంత పోయినా రెండూ ఒకే పాళ్లలో పోతాయి. కనుక నష్టం దానంతటదే సరిదిద్దుకుంటుంది. దీనిని ఐసోటోప్ డైల్యూషన్ అంటారు. ప్రస్తుతం ఉన్న వాటిలో అత్యంత కచ్చితమైనది ఇదే.

డీడీటీ విషయంలో పరికరమే మోసం చేసే సందర్భం ఒకటుంది. సూదితో ఎక్కించే చోట ఉండే గాజు గొట్టంలో కొవ్వు మరకలు పేరుకుంటే, ఆ వేడికి డీడీటీ అక్కడే డీడీఈగా, డీడీడీగా విరుగుతుంది. ఫలితంలో పాత డీడీఈ ఎక్కువ, కొత్త డీడీటీ తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. శుద్ధ డీడీటీని క్రమం తప్పకుండా ఎక్కించి, విరగడం 15 శాతం మించితే గొట్టం మార్చడం నియమం.

నమ్మదగిన అంకె

ప్రతి విడత నమూనాలతో పాటు కొవ్వు లేని ఖాళీ నమూనా ఒకటి అన్ని దశల గుండా నడవాలి; అందులో ఏదైనా కనిపిస్తే అది ప్రయోగశాల మురికి. తెలిసిన మోతాదు కలిపిన నమూనా ఒకటి నడవాలి. కలిపినదానిలో 70 నుంచి 120 శాతం తిరిగి దొరికితే పద్ధతి పనిచేస్తున్నట్టు. కొవ్వు అవశేషం మిగిలిన ద్రావణంలో సంకేతం పెరగవచ్చు లేదా తగ్గవచ్చు కనుక, ప్రమాణ ద్రావణాలను కూడా శుభ్రమైన కొవ్వు సారంలోనే కలిపి క్రమాంకన రేఖ గీస్తారు. సంకేతం నేపథ్య శబ్దానికి మూడు రెట్లుంటే ‘ఉంది’ అనవచ్చు, పది రెట్లుంటేనే ‘ఇంత ఉంది’ అనవచ్చు. తిమింగలం కొవ్వుతో తయారైన అమెరికా ప్రమాణ పదార్థం 1945 వంటి ధ్రువీకృత నమూనాలతో ప్రయోగశాలలు తమ అంకెను సరిచూసుకుంటాయి. ఐఎస్ఓ 17025 ప్రమాణం కింద ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి ఎన్‌ఏబీఎల్ అడిగేవి కూడా ఇవే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉత్తర తెలంగాణకు దగ్గరలోని కేంద్ర సంస్థలు.

పరీక్షించినవారి పద్ధతి తెలియకుండా అంకెను వాదానికి వాడితే ఏమవుతుందో కేరళలోని కాసరగోడ్ చూపించింది. అక్కడి ఎండోసల్ఫాన్ వివాదంలో 2001లో వేర్వేరు ప్రయోగశాలలు పొంతన లేని ఫలితాలు ఇచ్చాయి. తర్వాత అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 117 మంది మగపిల్లలను, పోలిక కోసం మరో 90 మందిని పరీక్షించింది. 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మందు చల్లిన ఊరి పిల్లల్లో 78 శాతం మంది రక్తరసిలో, పోలిక ఊళ్లో 29 శాతం మంది రక్తరసిలో ఎండోసల్ఫాన్ కొలవదగిన స్థాయిలో ఉంది. పోలిక బృందాన్ని కూడా అదే పద్ధతితో, అదే పరికరంతో చూడడం వల్లే ఆ అంకెలకు బలం వచ్చింది.

అంకెను చదవడం

కొవ్వులో డీడీటీ వాటా డీడీఈతో పోలిస్తే ఎక్కువగా ఉంటే మందు ఈమధ్యే చేరినట్టు. దాదాపు అంతా డీడీఈయే అయితే ఏనాటిదో. బీటా బీహెచ్‌సీ ఒక్కటే ఎక్కువగా ఉంటే పాత గమాక్సిన్ రోజులది. గామా కూడా ఉంటే ఇటీవలిది. వయసు పెరిగేకొద్దీ డీడీఈ పెరుగుతుంది. పాలిచ్చిన తల్లిలో ప్రతి బిడ్డకూ కొంత తగ్గుతుంది, ఎందుకంటే తల్లి కొవ్వులోనిది బిడ్డకు వెళుతుంది.

కూలి పని చేసే బక్కపలచని ఒంటి విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. 10 మిల్లీగ్రాముల డీడీఈ 5 కిలోల కొవ్వున్న ఒంట్లో కిలోకు 2 మిల్లీగ్రాములుగా, 20 కిలోల కొవ్వున్న ఒంట్లో అర మిల్లీగ్రాముగా కనిపిస్తుంది. ఒంటి మొత్తం భారం ఒకటే. జబ్బుతోనో ఆకలితోనో కొవ్వు కరిగితే అందులోని మందు నెత్తురులోకి వస్తుంది. అప్పుడు రక్తపరీక్ష అంకె హఠాత్తుగా పెరుగుతుంది. కొవ్వు తీయడం కుదరని చోట రక్తరసిని పరీక్షిస్తారు. కొలెస్ట్రాల్‌ను 2.27తో హెచ్చవేసి, ట్రైగ్లిజరైడ్లను, 62.3ను కలిపితే డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో మొత్తం కొవ్వు వస్తుందన్న 1989 నాటి ఫిలిప్స్ సూత్రంతో ఫలితాన్ని కొవ్వు బరువుకు మారుస్తారు. ఆడవాళ్లలో తల్లిపాలు సూది అవసరం లేని నమూనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల మధ్య పోలికకు దానినే ఎంచుకుంది.

కొవ్వు చెప్పలేనిది

2005లో ప్రచురితమైన వరంగల్ జిల్లా అధ్యయనం 1997–2002 మధ్య ఆసుపత్రికి వచ్చిన 8,040 మంది పురుగుమందు బాధితులను పరిశీలించింది, వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు తీసినవి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. 2017లో పెన్‌గంగకు ఆవల, ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా మరణించారు. ఇలాంటి మందుల్లో ఎక్కువ భాగం కొవ్వులో మిగలవు. మోనోక్రోటోఫాస్ కొట్టి ఏడాదైన రైతు కొవ్వు శుభ్రంగా ఉందంటే, ఆ ఏడాది అతని ఒంటికి మందు తగలలేదని అర్థం కాదు.

అటువంటి వారికి పరీక్ష వేరు. ఎల్‌మన్ 1961లో చెప్పిన పద్ధతిలో రక్తంలోని కొలినెస్టరేజ్ చురుకుదనాన్ని కొలుస్తారు. అదే మనిషికి మందు కొట్టే కాలానికి ముందు తీసిన అంకె ఉంటేనే తగ్గుదల కచ్చితంగా తెలుస్తుంది. మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్‌లకు డయాల్కైల్ ఫాస్ఫేట్లు, క్లోర్‌పైరిఫాస్‌కు ట్రైక్లోరోపిరిడినాల్, పైరిథ్రాయిడ్లకు ఫినాక్సీబెంజాయిక్ ఆమ్లం చూస్తారు. ఇవి ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతాయి. కనుక పత్తి ప్రాంతపు దవాఖానలు వానాకాలం పంట మొదలుకాక ముందే మందు కొట్టే కూలీల రక్తాన్ని ఒకసారి పరీక్షించి అంకె రాసిపెట్టుకోవాలి. తర్వాత కళ్లు తిరిగి, చెమటలు పట్టి వచ్చిన మనిషి నుంచి రక్తం, మూత్రం అదే రోజు తీసి గడ్డకట్టించాలి.